పాత్రమెరిగి పాకం

క్షేత్రమెరిగి విత్తనం, పాత్రమెరిగి దానం అని పెద్దల నుడి. దానం స్వీకరించేవాని యోగ్యతను పాత్రత అన్నారు. వండుకొనే గిన్నెను కూడా పాత్ర అనే అన్నారు. తనలో ఉంచినదానిని చెడనీయకుండా కాపాడేదే పాత్ర అనే భావం రెండింటికీ మూలం. దానం విషయంలో పాత్రతను విచారించే మనం, మూడు పూటలా పొయ్యిమీదికెక్కే గిన్నె విషయంలో ఆ విచారణ చేస్తున్నామా అన్నదే ఈ వ్యాసం.

కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి విరమించిన పిమ్మట, భోగాపురంలో ఉంటూ అన్నదాన సమయాలలో వంటశాల పాత్రల లెక్క చూచే సేవ నాకు లభించింది. అరసవల్లికి, శ్రీకూర్మానికి జాతీయ రహదారి మీదుగా సాగే యాత్రికులు, ఆలయానికి పాత్రలు సమర్పించదలచిన దాతలు, ఇరుగుపొరుగు గృహిణులు నన్ను తరచుగా మూడు విషయాలు అడుగుతారు. తాతలనాటి ఇత్తడి గిన్నెలు తిరిగి వాడుకోవచ్చునా? సిల్వరు గిన్నెలు మంచివి కావంటున్నారు, నిజమేనా? స్టీలులో ఏది మేలైనది? ఈ మూడింటికీ మూలమైన సమాధానం ఒక్కటే. పాతది కనుక మంచిదనీ కొత్తది కనుక చెడ్డదనీ లేదు, పాతది చెడ్డదనీ కొత్తది మంచిదనీ కూడా లేదు. ఏ లోహంలో, ఏ పదార్థాన్ని, ఎంత వేడిమీద, ఎంతసేపు ఉంచుతున్నామన్నదే ప్రధానం.

లోహం ఎప్పుడు కరుగుతుంది?

మంటకు గిన్నె కరగదు గాని, పులుపుకు కొద్దికొద్దిగా కరుగుతుంది. చింతపండు, నిమ్మరసం, టమాటా, మజ్జిగ, పులిసిన అంబలి వీటన్నింటిలో ఆమ్లాలు ఉన్నాయి. ఆమ్లం లోహాన్ని తాకినప్పుడు లోహపు కణాలు పదార్థంలోకి దిగుతాయి. వేడి ఈ క్రియను వేగిరపరుస్తుంది. ఉప్పు దానికి తోడవుతుంది. కాలం దానిని పెంచుతుంది. పావుగంట మరిగిన చారుకూ, రాత్రంతా అదే గిన్నెలో నిలువయున్న చారుకూ ఎంతో భేదం ఉంటుంది.

మన పూర్వుల వంటిల్లు ఈ రహస్యాన్ని ఎరిగినట్లే నడిచింది. పులుసుకు రాచ్చిప్ప, తరవాణికీ చోడి అంబలికీ మట్టికుండ, ఊరగాయకు జాడీ, నూనె వంటకు ఇనుప మూకుడు, నీళ్ళకు రాగిబిందె. పులుపున్న చోట రాయి, మట్టి, పింగాణి ఉన్నాయి, లోహం లేదు. నేడు అదంతా ఒకే గిన్నెలో జరుగుతున్నది. అదే చిక్కు.

రాగి, ఇత్తడి, కంచు

రాగిపాత్రలో పాలు, కంచుపాత్రలో కొబ్బరినీళ్ళు పోయరాదనీ, అది మద్యంతో సమానమనీ పెద్దలు నిషేధించారు. దీనిని కేవలం ఆచారమని కొందరు కొట్టివేస్తారు. ఇందులోని పాల మాటకు ఆధునిక వైద్యం చాలా గట్టి సాక్ష్యం ఇచ్చింది.

మన దేశంలో ఒకప్పుడు ఒకటి మొదలు మూడేళ్ళ వయస్సు పిల్లలను ఒక కాలేయవ్యాధి బలిగొనేది. కాలేయం గట్టిపడి, పొట్ట ఉబ్బి, పసివారు చూస్తూండగానే క్షీణించేవారు. ఆ పిల్లల కాలేయంలో రాగి అసాధారణమైన మోతాదులో ఉండేది. పుణె ప్రాంతంలో దీనిపై జరిగిన పరిశోధన 1983లో లాన్సెట్ వైద్యపత్రికలో వెలువడింది. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో కాచి నిలువ ఉంచిన ఆవుపాలు, గేదెపాలు పసితనంలోనే పట్టడం ఈ వ్యాధికి కారణం కావచ్చునని ఆ పరిశోధకులు చెప్పారు. పాలలోని మాంసకృత్తు రాగిని పట్టి ఉంచుకొంటుంది. ఆ పాలతో పాటు రాగి కూడా శిశువు శరీరంలోకి చేరుతుంది. పాలు కాచే గిన్నెలు స్టీలుకు మారిన పిమ్మట ఆ వ్యాధి దాదాపు కనుమరుగైంది. కనుక పసిపిల్లల పాలకు ఇత్తడి చెంబు, రాగి గ్లాసు ఎన్నడూ వాడరాదు. ఈ ఒక్క మాట ప్రతి తల్లీ, ప్రతి అమ్మమ్మా, ప్రతి నాయనమ్మా గుర్తుంచుకోవాలి.

అంతమాత్రాన ఇత్తడిని వెలివేయనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి గ్రామపు కంచు, ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో ఆ పాత్రలు పెళ్ళి సారెతో వచ్చి తరతరాలు నిలిచాయి. అయితే ఆ తరాలవారు వంట ఇత్తడి మీద చేయలేదు, కళాయి మీద చేశారు. ఈ భేదం నేడు మరుగున పడింది.

కళాయి అంటే పాత్ర లోపలి భాగానికి పట్టించే తగరపు పూత. పాత్రను శుభ్రంగా తోమి, తిత్తి పొయ్యిమీద కాచి, నవసాగరం పొడి చల్లి, తగరాన్ని అద్ది, దూదితో ఒక్కపెట్టున అంతటా రుద్దుతారు. లోపలి భాగం వెండిలా తెల్లబడుతుంది. ఆ పూత ఉన్నంతకాలం పులుపుకూ ఇత్తడికీ స్పర్శ లేదు. కళాయి లేని ఇత్తడిలో పులిహోర కలిపితే కొద్దిసేపటికే చిలుము వాసన వస్తుంది. అది తిన్నవారికి వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చు. సరిగా కళాయి వేయని రాగి, ఇత్తడి పాత్రలలో వండిన, నిలువచేసిన ఆహారం తినుటకు యోగ్యం కాదని 2011 నాటి మన దేశ ఆహార భద్రతా నిబంధనలు కూడా చెప్పాయి. తుప్పు పట్టిన పాత్రలకు, పెచ్చులూడి తుప్పెక్కిన ఎనామిలు గిన్నెలకు అదే నిషేధం వర్తించింది.

కళాయి పాత్ర వాడేవారు నాలుగు జాగ్రత్తలు పాటించాలి. మొదటిది, తగరం 232 డిగ్రీల వేడికే కరుగుతుంది. కనుక ఖాళీ గిన్నెను పొయ్యిమీద పెట్టరాదు, అందులో తిరగమోత వేయరాదు. పోపు ఇనుప గరిటెలో వేయించి గిన్నెలో కలుపుకోవాలి. రెండవది, పీచుతోనూ ఇసుకతోనూ లోపలి భాగాన్ని గీకరాదు. మూడవది, లోపల పసుపు లేదా ఎరుపు రంగు తొంగిచూచిన నాడే మళ్ళీ కళాయి వేయించాలి. నాలుగవది అన్నింటికంటె ముఖ్యం. తగరం ఖరీదైనది, సీసం చౌక. చౌకగా కళాయి వేస్తామనేవారు తగరంలో సీసం కలిపే అవకాశం ఉంది. వెల రెండింతలైనా శుద్ధమైన తగరంతోనే వేయించాలి. తెలిసినవారి చేత, కళ్ళ ఎదుట వేయించుకోవడం మంచిది.

సిల్వరు గిన్నెలో వెండి లేదు

ఊళ్ళలో సిల్వరు గిన్నె అనీ సత్తు గిన్నె అనీ పిలిచేది అల్యూమినియం పాత్రనే. దీనికి వెండితో ఏ సంబంధమూ లేదు. మన దేశంలో ఈ పాత్రల పరిశ్రమకు నాంది పలికినవారు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. పందొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఆయన మద్రాసు కళాపాఠశాలలో అల్యూమినియం పాత్రల తయారీని ప్రవేశపెట్టారు. తేలికగా ఉండడం, త్వరగా వేడెక్కడం, చిలుము పట్టకపోవడం, కళాయి ఖర్చు లేకపోవడం అనే నాలుగు గుణాలతో అది పేదవాని వంటింటిని గెలుచుకొంది.

అల్యూమినియంపై సహజంగానే ఒక సన్నని రక్షణపొర ఏర్పడుతుంది. అన్నం వండడానికి, నీళ్ళు కాచడానికి దాని వలన పెద్ద కీడు లేదు. పులుసు, చారు, పచ్చడి, టమాటా కూర ఆ పొరను తినివేస్తాయి. మనం తిన్న అల్యూమినియంలో అత్యధిక భాగం శరీరంలోకి ఇంకదు. ఇంకిన కొద్దిభాగాన్ని మూత్రపిండాలు బయటికి పంపుతాయి. కనుక మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. మతిమరుపు జబ్బుకు ఈ గిన్నెలే కారణమని కొందరు చెప్పే మాటకు నిర్ధారణ లేదు. లేని భయాన్ని పెంచడం నా ఉద్దేశం కాదు.

ఉన్న భయం వేరొకటి ఉంది. దాని పేరు సీసం.

శుద్ధమైన అల్యూమినియంలో సీసం ఉండదు. తుక్కును కరిగించి పోతపోసిన గిన్నెలలో మాత్రం ఉండవచ్చు. పాత యంత్రభాగాలు, వాహనాల విడిభాగాలు, అతుకులు అన్నీ కలిసి ఒకే మూసలో కరిగితే వాటిలోని సీసం కూడా గిన్నెలోకి వస్తుంది. ఇండాలియం లేదా హిందాలియం పేరుతో అమ్మే మందపాటి మూకుళ్ళు, గిన్నెలు కూడా అల్యూమినియం మిశ్రలోహాలే. వాటిలో మంచివీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. కంటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఈ సంగతి లోకానికి స్పష్టంగా తెలిసింది మన తెలుగు కుటుంబాలు కూడా అనేకం నివసించే సియాటెల్ నగరపు పరిసరాలలోనే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రం కింగ్ కౌంటీ ఆరోగ్యశాఖవారు, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లల రక్తంలో సీసం అధికంగా ఉండడం గమనించారు. ఇంటి గోడల రంగులు, మసాలాలు వంటివే కాక వంటపాత్రలను కూడా పరీక్షించారు. గిన్నెలలో పలుచని ఆమ్లం పోసి, వంటలో వలె వేడిచేసి, ఎంత సీసం దిగిందో కొలిచారు. కొన్ని అల్యూమినియం పాత్రల నుంచి, ప్రెషర్ కుక్కర్ల నుంచి, ఇత్తడి పాత్రల నుంచి సీసం ప్రమాదకరమైన మోతాదులో దిగింది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రల నుంచి దిగినది చాలా స్వల్పం. ఆ ఫలితాలు 2022లో ప్రచురితమయ్యాయి. 2024లో ఆ రాష్ట్రం వంటపాత్రలలో సీసాన్ని నియంత్రిస్తూ చట్టం చేసింది. 2025 ఆగస్టులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ, దిగుమతి అయిన కొన్ని అల్యూమినియం, ఇత్తడి, హిందాలియం పాత్రల నుంచి ఆహారంలోకి సీసం దిగవచ్చునని హెచ్చరించింది.

సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పెద్దవారు మింగిన సీసంలో శరీరానికి పట్టేదానికంటె పిల్లల శరీరానికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. అది మెదడు ఎదుగుదలను కుంటుపరచి, చదువును, నడవడిని దెబ్బతీస్తుంది. ఇనుము, సున్నం లోపించిన పిల్లలకు మరింతగా పడుతుంది. గర్భిణి శరీరంలోని సీసం గర్భస్థ శిశువుకు చేరుతుంది. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి రక్తంలో సీసం హెచ్చుగా ఉన్నదని 2020లో యునిసెఫ్ ప్రకటించింది. దీనికి కారణాలు అనేకం, వంటపాత్ర వాటిలో ఒకటి. ఆ మోతాదులో సీసానికి రుచి లేదు, వాసన లేదు, మరిగిస్తే పోదు. రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు.

మా వీధిలో ఒక పెద్దావిడ సియాటెల్‌లోని మనుమరాలి అన్నప్రాసనకు పెట్టె సర్దుతూ, "మాస్టారూ, ఇత్తడి గిన్నె, ఇండాలియం మూకుడు పంపుతున్నాను, మంచివే కదా?" అని అడిగారు. "అమ్మా, ఆ రెండూ ఇక్కడే ఉంచండి. పాపకు వెండి ఉగ్గుగిన్నె, పాలకు ఒక స్టీలు గిన్నె పంపండి. మీ ఆశీర్వచనానికి అవి చాలు" అన్నాను. ఇదే మాట సముద్రాలు దాటి వెళ్ళే పెట్టెలకే కాదు, మన ఊళ్ళో పక్కవీధికి వెళ్ళే సారెకు కూడా వర్తిస్తుంది.

స్టీలు కొనేటప్పుడు

నిత్యం వాడుకకు, పులుపుకు, పాలకు, నిలువకు అన్నింటికీ తగిన లోహపాత్ర స్టెయిన్‌లెస్ స్టీలు. ఇనుములో క్రోమియం కలియడం వలన దానిపై గట్టి రక్షణపొర ఏర్పడుతుంది. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. 202 రకంలో నికెలు తగ్గించి మాంగనీసు పెంచుతారు. అది చౌక, త్వరగా మచ్చలు పడుతుంది. 430 రకంలో నికెలు దాదాపు ఉండదు.

అయస్కాంతం అంటుకోకపోతే మేలిరకమని చాలామంది నమ్ముతారు. ఇది సగమే నిజం. 430 రకానికి అయస్కాంతం అంటుకొంటుంది గాని, 304కూ అంటుకోదు, 202కూ అంటుకోదు. ఆ రెండింటి తేడా అయస్కాంతం చెప్పలేదు. ఇండక్షన్ పొయ్యికి పనికివచ్చే గిన్నెల అడుగుకు అయస్కాంతం అంటుకోవడం దోషం కాదు. కనుక పాత్రపై ముద్రించిన రకమూ, ఐఎస్ఐ గుర్తూ చూడాలి. స్టీలు, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. స్టీలు పాత్రల ప్రమాణపు సంఖ్య 14756. తూకానికి అమ్మే పేరులేని పాత్ర కంటె ఆ గుర్తున్న చిన్న పాత్ర మేలు.

స్టీలుకు శత్రువు ఉప్పు. మన భోగాపురం మండలం సముద్రతీరాన ఉన్నందున గాలిలోనే ఉప్పు ఉంది. తడి గిన్నెను ఆరబెట్టక బోర్లిస్తే మచ్చలు, సన్నని గుంటలు పడతాయి. చల్లని నీటిలో ఉప్పు వేసి పొయ్యిమీద పెట్టేకంటె, నీరు మరిగిన పిదప ఉప్పు వేసి కలపడం మంచిది. ఊరగాయను స్టీలు డబ్బాలో పెట్టరాదు. దానికి జాడీ లేదా గాజుసీసా వాడాలి.

ఇనుము, మట్టి, రాయి

ఇనుప మూకుడు, ఇనుప పెనం మన వంటింటి సంపద. వాటినుంచి దిగే ఇనుము రక్తహీనత ఉన్నవారికి మేలే చేస్తుంది. ఇథియోపియాలో ఇనుపకుండలలో వండిన అన్నం తిన్న పిల్లలకు, అల్యూమినియం కుండలలో వండినది తిన్న పిల్లలకంటె రక్తం బాగుపడిందని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది. వేపుళ్ళు, అట్లు, రొట్టెలు, తిరగమోత వీటికి ఇనుము శ్రేష్ఠం. పులుసు మాత్రం నల్లబడి కనరు వాసన వేస్తుంది. వండిన కూరను ఇనుములో నిలువ ఉంచరాదు. తరచు రక్తం ఎక్కించుకొనే తలసేమియా రోగులు వైద్యుని అడిగి వాడాలి. కడిగిన వెంటనే తుడిచి, చుక్క నూనె రాసి ఉంచితే మన సముద్రపు గాలికి కూడా తుప్పు పట్టదు.

మట్టిపాత్రలు సురక్షితమైనవని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మే నెలలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో పేర్కొన్నది. చట్నీ, సాంబారు వంటి పుల్లని పదార్థాలను అల్యూమినియం, ఇనుము, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో నిలువ ఉంచరాదని కూడా ఆ సంస్థ చెప్పింది. కుమ్మరి ఆవంలో కాలిన సాదా కుండను నిశ్చింతగా వాడుకోవచ్చు. నిగనిగలాడే రంగుల పూత పూసిన మట్టిపాత్రలలో మాత్రం సీసం ఉండే అవకాశం ఉంది. అవి అలంకరణకే గాని అంబలికి కాదు. రాచ్చిప్ప దొరికితే పులుసుకు దానిని మించినది లేదు. కొత్తదానిని మొదట గంజితో కాచి, నెమ్మదిగా వేడికి అలవాటు చేయాలి.

అంటుకోని పెనం, ప్లాస్టిక్కు

అంటుకోని పూతగల పెనం తక్కువ మంటమీద, చెక్క గరిటెతో వాడినంతవరకు చెప్పుకోదగిన ప్రమాదం లేదు. ఖాళీ పెనాన్ని మంటమీద మరచిపోయినప్పుడే ముప్పు. పూత మితిమీరి కాగితే విషవాయువులు వెలువడతాయి. పూత తయారీలో పూర్వం వాడిన పీఎఫ్ఓఏ అనే రసాయనాన్ని 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాల వర్గంలో చేర్చింది. అది లేదని స్పష్టంగా ముద్రించినదే కొనాలి. గీతలు పడి పూత లేస్తున్న పెనాన్ని మరి వాడరాదు. ఇనుప పెనం నూనెకు అలవాటుపడితే అట్టు దానిమీద కూడా అంటుకోదు.

వేడి సాంబారు, చారు, పాలు పలుచని ప్లాస్టిక్కు సంచులలో పట్టుకొనే అలవాటు మానాలి. మెలమైను పళ్ళేలలో వేడివేడి పులుసు పోయరాదు. వాటిని మైక్రోవేవ్ పొయ్యిలో పెట్టరాదు.

పూజలో, ప్రసాదంలో

పంచామృతంలో పెరుగు, తేనె, పండ్లు ఉన్నాయి. వీటిని రాగిపాత్రలో కలిపి గంటల తరబడి ఉంచితే రాగి దిగుతుంది. వెండి పాత్రగాని, స్టీలు పాత్రగాని వాడి, వెంటనే వినియోగించాలి. రాగి పంచపాత్రలో మంచినీటి తీర్థానికి అభ్యంతరం లేదు. ప్రతిరోజూ చింతపండుతో తోమి, చిలుము లేకుండా కడిగి, కొత్త నీరు పోయాలి. బజారులో దొరికే పోత ఇత్తడి కుందులు, ప్రతిమలు సులభంగా చెక్కుడు పడేందుకు సీసం కలిసినవి కావచ్చు. దీపానికి, అర్చనకు అవి ఉచితమే. వాటిని తోమిన చేతులు కడుక్కోవాలి. అటువంటి పోత గిన్నెలలో ప్రసాదం ఉంచరాదు.

ప్రసాదాన్ని వార్తాపత్రికలో పొట్లం కట్టవద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2023లో దేశమంతటికీ సూచించింది. ముద్రణ సిరాలో సీసం, ఇతర రసాయనాలు ఉండవచ్చు. మన మన్యం నుంచి గిరిజనులు సేకరించి తెచ్చే అడ్డాకుల విస్తళ్ళు, దొన్నెలు ఉండగా, వెండిరంగు పూత పూసిన కాగితపు పళ్ళేలు మనకెందుకు? అడ్డాకు విస్తరి కొంటే ప్రసాదమూ పవిత్రంగా ఉంటుంది, కొండమీది కుటుంబానికి కూడూ దొరుకుతుంది.

దాతలకు ఒక మనవి

మొక్కుబడిగా గుండిగలు, గంగాళాలు సమర్పించే భక్తుల శ్రద్ధ గొప్పది. ఆ పాత్రలో వండిన అన్నం వందలమంది తింటారు, వారిలో పసివారు, గర్భిణులు ఉంటారు. కనుక పాత్రమెరిగి దానం అనే మాట ఇక్కడ రెండర్థాలలోనూ నిలుస్తుంది. కొత్త పాత్ర ఇవ్వదలచినవారు ఐఎస్ఐ గుర్తున్న స్టీలు పాత్ర ఇవ్వండి. ఇత్తడే ఇవ్వాలని సంకల్పమున్నవారు పాత్రతోపాటు శుద్ధ తగరపు కళాయి ఖర్చు, ఏటేటా తిరిగి వేయించే ఖర్చు కూడా సమర్పించండి. కళాయి లేని కొత్త గుండిగ కంటె, ఉన్న పాత గుండిగకు వేయించిన కళాయి మిన్న. పెద్దసంఖ్యలో పాత్రలు కొనే దాతలు, నమూనాకు ఒకటి గుర్తింపుగల ప్రయోగశాలలో సీసపు పరీక్షకు పంపితే అంతకంటె పుణ్యం లేదు.

ఇంటికి తిరిగి వెళ్ళాక పాత్రలన్నీ ఒక్కరోజున మార్చవలసిన పని లేదు, ఆ శక్తి అందరికీ ఉండదు కూడా. ఒక క్రమం పాటించండి. ముందుగా పసిపిల్లల పాలగిన్నెను స్టీలుకు మార్చండి. రెండవది పులుసు, చారు గిన్నె. మూడవది మిగిలిన కూర నిలువ ఉంచే గిన్నె. ఈ మూడూ మారితే ముప్పులో పెద్దభాగం తొలగుతుంది. సిల్వరు గిన్నెను అన్నానికి, నీళ్ళకు వాడుకోండి. ఎక్కడ తయారైనదో తెలియని పోత గిన్నెను మాత్రం వంటకు వాడకండి, ఎవరికీ దానం చేయకండి. ఇంట్లో ఎన్నాళ్ళుగానో అటువంటి గిన్నెలు వాడుతూ, పిల్లల ఎదుగుదలపై అనుమానం ఉన్నవారు వైద్యుని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించండి.

అన్నం పరబ్రహ్మ స్వరూపమని భావించి వండుతాం, కళ్ళకద్దుకొని తింటాం. ఆ అన్నాన్ని ఉంచే పాత్రను ఎంచుకోవడం కూడా ఆ భావనలో భాగమే. ఈ నెలలో ఒకనాడు, వంట మొదలుపెట్టకముందు, అటకమీదివీ అల్మరాలోవీ గిన్నెలు దింపి, లోపలి భాగం వెలుతురులో చూడండి. కళాయి పోయినది ఏది, గీతలు పడినది ఏది, పసివారికి వాడుతున్నది ఏది అని విడదీయండి. ఆ విచారణకు అరగంట చాలు.